టీకా బొమ్మలో పిల్లవాడు

జహీరాబాద్ బస్టాండులో ఒకమ్మాయి పెద్ద బొమ్మను పట్టుకుని రాయికోడ్ బస్సు కోసం అటూ ఇటూ తిరుగుతోంది. లోకంలో మశూచికి మొట్టమొదట టీకా వేసిన ఘట్టాన్ని ఊహించి, ఒక బడి కోసం బొగ్గుతో గీసిందట. బొమ్మలో డాక్టరు చెయ్యి గీరుతుంటే పిల్లవాడు నవ్వుతున్నాడు.

“పిల్లలు భయపడొద్దు, నవ్వు ముఖమే గియ్యమన్నడు తాతా, సారు. నాకే నమ్మబుద్ధి అయితలేదు. నీకు వేసినప్పుడు ఎట్లుండె?”

భుజం మీది మచ్చ చూపించాను. “ఊరంతా చూస్తుంటే మీసం మెలేసిన బిడ్డా!”

“ఐదేండ్లకే మీసమా?”

“మీసం లేదు గని, నవ్విన. డాక్టరే జడుసుకున్నడు.”

“అయితే సారు చెప్పిందే నిజం” అంటూ బొమ్మకు గుడ్డ చుట్టబోయింది. నేను కోసిన కోతలు బడి గోడెక్కేలా ఉన్నాయి.

“జర ఆగు. నేను జొన్న చొప్పల దాక్కుంటే మా అమ్మ గుంజుకొచ్చింది. ఆమె ముఖం నిండ అమ్మవారు పోసిన మచ్చలే. ఎంత ఏడ్చినా ఇడువలే. నా కండ్లు మూసి పట్టుకుంది.”

ఆ అమ్మాయి అక్కడే కూర్చుని, బొటనవేలితో ఆ నవ్వు చెరిపేసింది. పిల్లవాడి కళ్ళ మీద ఒక ఆడమనిషి చెయ్యి గీసింది.

“సారు తిడ్తడేమో?”

“తిట్టనీ తాతా” అంటూ, వచ్చిన బస్సెక్కింది.

నేను పోవాల్సిన ఝరాసంగం ఆటోవాడు పిలుస్తున్నా నేను లేవలేదు. అరచేత్తో కళ్ళు మూసుకుని చూశాను. వేళ్ళ సందుల్లోంచి వెలుతురు వస్తూనే ఉంది. అమ్మ మూసినప్పుడు ఏమీ కనబడలేదు.