శాపాల పాఠం చెప్పిన ఆంటీ

ఆంటీ పోయారని సోమవారం ఉదయం వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "షి వాజ్ నాట్ ఇన్ పెయిన్, అక్కా," అంది. నా మీద పడాల్సిన దెబ్బ తన మీద వేసుకున్న మనిషి ఆవిడ.

మెల్‌బోర్న్‌లో మా యూనివర్సిటీలో ఆవిడ పాత రోము చరిత్ర చెప్పేవారు. చక్రవర్తుల జోలికి పెద్దగా పోయేవారు కాదు. మామూలు మనుషులు ఎవరికి వాళ్ళు దేవుళ్ళతో ఏం చెప్పుకున్నారన్నదే ఆవిడ పాఠం. ఇంటి దేవతలకని పొయ్యిలో వేసిన ముద్ద, కాలు నయమైతే గుడిలో పెట్టిన మట్టి కాలు, ఇలాంటివి. అన్నిటికన్నా శ్రద్ధగా చెప్పింది శాపాల గురించి. కడుపు మండినవాళ్ళు సీసపు రేకు మీద శత్రువు పేరు గీకి, మడిచి, మేకు దిగ్గొట్టి, బావిలోనో సమాధిలోనో పడేసేవారట.

ఆ పాఠం రోజు నేను చేతికి కట్టుతో వెళ్ళాను. బాత్రూంలో జారిపడ్డానని అందరికీ చెప్పాను. క్లాసయ్యాక ఆంటీ నన్ను ఆపి, నా మెడ వైపు చూశారు.

"ఏ బాత్రూమమ్మా, మెడ మీద అయిదు వేళ్ళూ అచ్చేసింది?"

నా భర్త కారు తలుపు సందులో నా చెయ్యి పెట్టి మూశాడని అప్పుడు చెప్పాను. "ఆయన చెయ్యి ఇరగాలని రోజూ మొక్కుతున్నా, ఆంటీ. పాపమా?"

"ఆ రోజుల్లో ఆడవాళ్ళూ అదే అడిగారు. వాడి నాలుక పడిపోవాలి, వాడికి నిద్ర పట్టకూడదు అని. వాళ్ళకి పోలీసులు లేరు, దేవతకి చెప్పుకున్నారు. నీకున్నారు. పద."

పోలీసుల దగ్గర నా పక్కనే కూర్చున్నారు. అక్కణ్ణుంచి క్రెయిగీబర్న్‌లోని తన ఇంటికే తీసుకెళ్ళారు. ఆ ఆదివారం మధ్యాహ్నం నా భర్త క్రికెట్ బ్యాటుతో వచ్చాడు. కిటికీ అద్దం పగలగొట్టి లోపలికి దూకి, నా జుట్టు పట్టుకుని గాజుపెంకుల మీద ఈడ్చాడు. బ్యాటు ఎత్తాడు. ఆంటీ నా మీదికి వంగారు. ఆవిడ భుజం ఎముక విరిగిన చప్పుడు నా చెవి పక్కనే వినిపించింది. రెండో దెబ్బకి ఆ బ్యాటునే కౌగిలించుకుని, పక్కింటివాళ్ళు వచ్చేదాకా వదల్లేదు. ఆవిడ నోట్లోంచి కారిన నెత్తురు నా నుదుటి మీద పడింది.

"నా శాపం మీకు తగిలింది," అని ఆసుపత్రిలో ఏడ్చాను.

"శాపం కాదమ్మా, బ్యాటు తగిలింది. ఆ తేడా తెలియడానికే కదా నేను పాఠం చెప్పేది."

ఆ తర్వాత ఆవిడ కుడిచెయ్యి పైకి లేవలేదు. బోర్డు కింది సగంలోనే రాసేవారు. వెనక వరుసవాళ్ళు లేచి నిలబడి చదువుకునేవారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

అతనికి జైలు పడిన రోజు కోర్టు మెట్ల మీద కూర్చున్నాం. చలిగాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు తొణకని మనిషి, అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చారు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఆకలేస్తోందమ్మా," అన్నారు. ఎదురు కొట్లోంచి మాంసం కూరిన వేడి 'పై' రొట్టె తెచ్చి, తుంచి ఆవిడ నోట్లో పెట్టాను. కాలింది కాబోలు, నోరు తెరిచి చిన్నపిల్లలా ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ, ఇంకో ముక్క కోసం ఎడమచెయ్యి చాపారు.