లీడరు అడిగిన గ్లాసుడు నీళ్లు

ఆ రోజు పొద్దున టెక్కలిలో మా జిరాక్స్ షాపులో ఒక ముసలాయన ఆధార్ కార్డు కాపీ తీస్తూంటే ఫోను మోగింది. "లీడరు ఎల్లిపోనాడ్రా," అన్నాడు అవతలి నుంచి నా చిన్ననాటి స్నేహితుడు. "ఎక్కడికి?" అని అడిగాను. నిజంగానే అడిగాను. "మద్దేనం ఎత్తేత్తారు, బేగొచ్చీ," అన్నాడు. అప్పటికి గాని నాకు తెలిసిరాలేదు. ఫోను జేబులో పెట్టుకుని, కార్డు తిరగేసి, రెండో పక్క కూడా కాపీ తీశాను. ముసలాయన వెలుతురులో పట్టి చూసుకుని, బాగా వచ్చిందని మెచ్చుకుని వెళ్లాడు. నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు.

లీడరంటే రాజకీయ నాయకుడనుకునేరు. వజ్రపుకొత్తూరు దగ్గర మా హైస్కూల్లో పదో తరగతికి వాడు క్లాస్ లీడరు. ముప్పయ్యేళ్లు గడిచినా మాకు వాడి పేరు అదే. అల్లరి చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం లీడరు పని. మావాడు ఒక్కనాడూ ఒక్క పేరూ రాసిన పాపాన పోలేదు. మంచినీళ్ల కుండ దగ్గర మాత్రం ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఇంటర్వెల్ గంట కొట్టగానే ముంత పట్టుకుని నిలబడేవాడు. మేం వరసగా వెళ్లి దోసిలి పట్టాలి. ముంత ఎత్తి సన్నగా ధార పోస్తూ ప్రతివాణ్నీ అడిగేవాడు, "సరిపోనాదా?" అని. మేం తల ఊపేదాకా పోస్తూనే ఉండేవాడు. తన వంతు ఆఖరుకి. అప్పటికి ఒక్కోసారి కుండ అడుగంటేది. "నాకు దాహం నేదులే," అనేవాడు.

ఆ ఏడాది పంచాయతీ ఆఫీసు టీవీలో రిపబ్లిక్ డే పరేడు చూశాం. లీడరూ నేనూ ఇంకో ఇద్దరూ, నలుగురం నేల మీద చతికిలబడి, మెడలు సాచి. ఎప్పటికైనా నలుగురం కలిసి వెళ్లి ఢిల్లీ చూడాలని వాడు మా చేత ఒట్టు వేయించుకున్నాడు. పరీక్షలయ్యాయి, నలుగురం నాలుగు దారులు పట్టాం, ఒట్టు గట్టున పెట్టాం. ఒకడు చేపల వేటకని గుజరాత్ బోట్లెక్కాడు. పొద్దున ఫోను చేసింది వాడే, మాకు బోటువాడు. ఇంకొకడు మందసలో ఇల్లు కట్టుకుని బస్సు కండక్టరయ్యాడు. నేను టెక్కలి చేరాను. లీడరు వాళ్ల కొబ్బరి తోటలోనే ఉండిపోయాడు.

కిందటేడు ఒకాయన షాపుకొచ్చి, లావుపాటి ఆసుపత్రి ఫైలు బల్ల మీద పెట్టి, అన్నీ కాపీ తీయమన్నాడు. మొహం నల్లబడిపోయింది. ఎడమ చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది. కిడ్నీ జబ్బు పీడించే మా ఉద్దానం వాళ్లకి ఆ చెయ్యి చూస్తే ఇంకేం చెప్పక్కర్లేదు, డయాలసిస్ మనిషి. అలాంటి ఫైళ్లు నాకు కొత్త కాదు, తల వంచుకుని కాపీలు తీస్తున్నాను. "నీ రోల్ నెంబరు పదిహేడు కదేటి?" అన్నాడాయన. తలెత్తి చూశాను. గొంతు తప్ప ఆ మనిషిలో మా లీడరు ఇంకేమీ మిగల్లేదు.

ఆ మర్నాడు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పుకోవాలి. వాడికి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. చూడ్డానికి వెళ్లాను. మా వైపు రోగిని చూడబోయేటప్పుడు ఒట్టి చేతుల్తో వెళ్లరు, చెయ్యి దానంతటదే రెండు బొండాలు కొంటుంది. చెక్కించుకుని మరీ పట్టుకెళ్లాను. లోపల వరసగా మంచాలు. అన్ని మంచాల మీదివాళ్లూ నా చేతిలో బొండాలకేసి చూశారు. అప్పుడు గుర్తొచ్చింది. కిడ్నీ పోయినవాళ్లకి కొబ్బరినీళ్లు విషంతో సమానం. ఆ గదిలో ఒక్కరూ తాగకూడదు. నేను తలుపు దగ్గరే బిగుసుకుపోతే, వాడు మంచం మీంచి పగలబడి నవ్వాడు.

"తోటంతా నాదే, ఒక్క కాయ ముట్టుకోడానికి నేదు. ఇప్పుడు నువ్వొచ్చి ఊరించేత్తన్నావేట్రా? ఎల్లి ఆ వాచ్‌మన్‌కిచ్చీ."

వాడికి రోజుకి అర లీటరు నీళ్లే. అన్నంతో, మాత్రలతో కలిపి. నోరు ఎండితే చిన్న ఐసు ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. "నీల్లకి రుసుండదని పుస్తకంలో సదివాం కదరా, అది రాసినోణ్ని తెచ్చి నా పక్క మంచం మీద పడుకోబెట్టాల," అనేవాడు.

ఢిల్లీ సంగతి మళ్లీ ఎత్తింది వాడే. కండక్టర్ని పట్టుకున్నాడు, గుజరాత్ నుంచి ఇంటికొచ్చిన బోటువాణ్ని పట్టుకున్నాడు. శుక్రవారం డయాలసిస్ అయితే మళ్లీ సోమవారమే. మధ్యలో ఆ రెండు రోజులు మావి. నీళ్లు గాని మీరితే ఊపిరాడదు, ఊరు కాని ఊళ్లో నా పూచీ లేదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. బయల్దేరేటప్పుడు వాడి భార్య, రోజుకొక్కసారే నింపాల్సిన అర లీటరు బాటిల్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అన్నియ్యా, ఈ మనిసి నవ్వుతా అడుగుతాడు, మీరు కరిగిపోకండి. నీల్లు మీ కాడే ఉంచండి. సోమారం పొద్దున్నకి నాకు అప్పసెప్పండి."

శుక్రవారం సాయంత్రం పలాసలో రైలెక్కి విశాఖ, శనివారం పొద్దున్నే విమానం. ఢిల్లీలో వ్యాను ఎక్కిన ప్రతిసారీ లీడరు మా రోల్ నెంబర్లు పిలిచాడు. నలభై దాటిన మేం ముగ్గురం "ప్రెజెంట్ సార్" అన్నాం. ఎర్రకోట చూసి బోటువాడు, "ఇంత కోట కట్టినోడు సముద్రం పక్కన కట్టుకోవచ్చు కదేటి," అన్నాడు. లీడరు నవ్వి నవ్వి దగ్గాడు. వాడి ముందు ఎవరం నీళ్లు తాగకూడదని మాలో మేం అనుకున్నాం. దాహం వేస్తే ఒక్కొక్కరం వ్యాను వెనక్కి వెళ్లి తాగి, మూతి తుడుచుకుని వచ్చేవాళ్లం. వాడికి తెలియదనుకున్నాం.

ఆదివారం మధ్యాహ్నం ఇండియా గేటు. ఎండ. టీవీలో చూసిన ఆ రోడ్డు మీద వాడు చెప్పులు విప్పి కాసేపు నడిచాడు. తర్వాత గడ్డి అంచున కూలబడి నన్ను పిలిచాడు.

"ఒక్క గ్లాసుడురా. నిండుగా. గొంతులోంచి దిగుతున్నట్టు తెలియాల."

బాటిల్లో రెండు వేళ్ల మందం మిగిలాయి. మర్నాడు పొద్దున దాకా అవే. "రేపు డయాలసిస్ అయ్యాక తాగుదువు గాని," అని బాటిల్ మూతలో నిండా పోసి ఇచ్చాను. వాడు నాలుక మీద వేసుకుని, చాలాసేపు మింగలేదు. మూత తిరిగిచ్చాడు.

"సరిపోనాదా అని అడగవేట్రా? నానైతే అడిగేవోణ్ని."

నవ్వుతూనే అన్నాడు. నేను అడగలేదు. అడిగితే ఏమంటాడో నాకు తెలుసు. బాటిల్ బిగించి సంచిలో పెట్టేశాను. బోటువాడూ కండక్టరూ ఎటో చూస్తున్నారు.

సోమవారం పొద్దున వాణ్ని పలాసలో దించి, వాడి భార్యకి అప్పజెప్పాను. ఒంట్లో నీరెంత చేరిందోనని బరువు చూసిన నర్సు, ఇంత బాగా ఎవరూ తిరిగి రారని మెచ్చుకుందట. నేను నా పని సక్రమంగా చేశాను. ఆ తర్వాత ఐదు వారాలు బతికాడు. ఒక తెల్లవారుజామున ఇంట్లోనే గుండె ఆగిపోయింది. ప్రయాణానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. ఆ రోజు నీళ్లు ఇవ్వకపోవడమే మంచిదయిందని అందరూ అంటున్నారు. వాళ్లు చెప్పేది నిజమే. నాకూ తెలుసు. తెలిసి ఏం చేసుకోను? ఇవ్వలేకపోయాను సరే, అడగనైనా అడగలేదు. ఆ మాటకి ఒక్క చుక్క నీరు ఖర్చు కాదు.

ఫోను వచ్చిన రోజు షాపు మూసి బస్సెక్కి వెళ్లేసరికి తోటలో వాణ్ని స్నానానికి బల్ల మీద పడుకోబెట్టారు. కండక్టరు మూలగా నిలబడి చేతిలో టవలు మడతపెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ మడతపెడుతున్నాడు. పెద్ద గంగాళం నిండా నీళ్లు. అయినవాళ్లంతా తలా ఒక చెంబు పోస్తున్నారు. వాడి అన్న నా చేతికి చెంబు ఇచ్చాడు.

"నువ్వూ ఒక సెంబుడు పొయ్యి, బాబూ."

అంచు దాకా ముంచి, తల మీంచి పోశాను. నీళ్లు నుదుటి మీదుగా, మూసిన పెదాల మీదుగా, ఎడమ చేతి మీద ఉబ్బిన నరం మీదుగా దిగాయి. "సరిపోనాదా?" అన్నాను. పైకే అన్నట్టున్నాను, చుట్టూ ఉన్నవాళ్లు నాకేసి చూశారు.

"సాలు బాబూ, ఎనకాల ఇంకా ఉన్నారు," అన్నాడు వాడి అన్న చెంబు కోసం చెయ్యి చాపి.

నేను ఇవ్వలేదు. మళ్లీ ముంచాను. బల్ల మీంచి జారిన నీళ్లు కొబ్బరి మొదళ్ల కింద పడుతున్నాయి. అక్కడంతా ఇసక నేల. ఎంత పోసినా నిలవలేదు, తాగేస్తూనే ఉంది.