హెడ్మాస్టరు సారు కుడి కనుబొమ్మ

మా హెడ్మాస్టరు సారు కుడి కనుబొమ్మలో సగం తీసేసింది నేనే. చెయ్యి జారిందని ఆ రోజు అందరికీ చెప్పాను. జారలేదు.

చిట్యాల దగ్గర మా సర్కారు బడిలో తొమ్మిదో తరగతికి కొత్తగా రెండు ట్రేడులు వచ్చాయి. ఒకటి ఆటోమొబైల్, ఇంకొకటి బ్యూటీ అండ్ వెల్‌నెస్. చదువుతో పాటు చేతిపని కూడా నేర్పుతారట, పదోతరగతి అయ్యాక ఐటీఐకో పనికో పోయేవాళ్ళకు ముందే చెయ్యి తిరుగుతుందట. ఎవరికి ఇష్టమైంది వాళ్ళు తీసుకోవచ్చని కూడా చెప్పారు. ఆ మాట నేను నమ్మాను.

నాకు బండ్లంటే పిచ్చి. మేస్త్రీ కింద కూలికి పోయే మా బాపుకు మోపెడ్ ఒకటి ఉండేది. దానికి బుద్ధి పుట్టిన కాడల్లా ఆగేది. ఆదివారం చర్చికి పోతుంటే హైవే పక్కన ఆగిందంటే, అమ్మ తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకొని ఎండలో నిలబడి బాపును తిట్టేది. నేను ప్లగ్గు విప్పి, గీకి, గౌను అంచుతో తుడిచి మళ్ళీ బిగించేదాన్ని. బండి స్టార్టవగానే అమ్మ తిట్లు ఆగేవి. చర్చిలో పాటలకన్నా నాకు ఆ చప్పుడే ఎక్కువ ఇష్టం.

ట్రేడులు ఇచ్చే రోజు సారు మా తరగతినంతా వరండాలో నిలబెట్టి, మగపిల్లలు అటు, ఆడపిల్లలు ఇటు అన్నాడు. అంతే, పంపకం అయిపోయింది. నేను చెయ్యెత్తాను.

"సార్, నాకు ఆటోమొబైల్ గావాలె."

"బండి కిందికి దూరుతవా? మొగపోరల నడుమ?" అన్నాడు. "రేపు ఒక ఇంటికి పొయ్యేదానివి. ముందుగాల నీ నెత్తి సక్కగ దువ్వుకో పో."

వరండా మొత్తం నవ్వింది. నా దోస్తులు కూడా నవ్వారు. నా జడ ఆ రోజు నిజంగానే రేగిపోయి ఉంది, అందుకు ఇంకా మండింది. బాపు కూలి పోగొట్టుకొని ఒక పూట బడికొచ్చి అడిగాడు. సారు ఆయన్ని కూర్చోమని అనలేదు. "పెద్దోళ్ళు, మీకు ఎరుకలేనిదేమున్నది సార్" అని చేతులు కట్టుకొనే బాపు తిరిగొచ్చాడు. జడ మాట మరిచిపోయేదాన్నేమో గానీ, ఆ కట్టుకున్న చేతులు మరిచిపోలేదు.

బ్యూటీ నేర్పే మేడం నల్లగొండ నుంచి బస్సులో వచ్చేది. మంచి మనిషి, ఆమె మీద నాకు కోపం లేదు. కనుబొమ్మలు దారంతో తీయడం మొదట ఎవరి కాలి మీద వాళ్ళే నేర్చుకోవాలి. దారం ఒక కొస పళ్ళ మధ్య పట్టి, మిగతాది వేళ్ళకు మెలిపెట్టి, పిక్క మీది వెంట్రుకలు లాగాలి. ప్రతి వెంట్రుకా సారుదే అనుకొని లాగేదాన్ని. పక్క గదిలో మగపిల్లలు ఇంజను విప్పుతుంటే నట్టు కిందపడ్డ చప్పుడు వినబడేది, నేను ఇంకొకటి లాగేదాన్ని. చలికాలం వచ్చేసరికి మా క్లాసులో నా అంత శుభ్రంగా తీసేవాళ్ళు లేరు. "నీ చేతుల పనితనం ఉన్నది బిడ్డా" అని మేడం మెచ్చుకుంటే నాకు ఏడుపొచ్చింది.

అంతలో స్వపరిపాలన దినం వచ్చింది. ఆ ఒక్కరోజు పిల్లలు చీరలు కట్టి, చొక్కాలు టక్ చేసి టీచర్లవుతారు. టీచర్లు బెంచీల మీద కూర్చొని పిల్లలవుతారు. నేను మేడం వేషం అడిగి తీసుకున్నాను. అమ్మ చర్చి చీర కట్టుకున్నాను. సారు ఊరి పెద్దలను వెంటేసుకొని ఒక్కో గదిలో కాసేపు కూర్చొని లేస్తున్నాడు. ఎవరో ఫోన్లో ఫొటోలు తీస్తున్నారు. మా గదికొచ్చి, "ఏం సెప్తున్నరు టీచరమ్మా?" అన్నాడు నవ్వుతూ.

"ఇయ్యాల నువ్వు స్టూడెంట్‌వి గదా బాబూ, వచ్చి గీ కుర్సీల కూసో, కనుబొమ్మలు దీసి సూపిస్త" అన్నాను.

పెద్దలందరూ నవ్వారు. ఇక తప్పక కూర్చొని తల వెనక్కి వాల్చాడు. దారం నోట్లో పెట్టుకునే ముందు వంగి మెల్లగా అడిగాను.

"సార్, వచ్చేయేడు నన్ను ఆటోమొబైల్‌ల ఏస్తరా?"

"గా ముచ్చట ఇంక ఇడ్వలేదా?" కళ్ళు మూసుకొనే నవ్వాడు. "నీకు గిదే మంచిగున్నది."

దారం పళ్ళ మధ్య పెట్టాను. సారు పెట్టిన కేక ఆటోమొబైల్ గది దాకా వినబడిందట.

"అయ్యో సార్, చెయ్యి జారింది" అన్నాను. మేడం నా వైపు చూసింది. నా చెయ్యి జారదని ఆమెకు తెలుసు. అంతమంది ముందు తనే వచ్చి కూర్చున్నాడు కనుక నన్ను తిట్టలేక, సారు కనుబొమ్మ చేత్తో మూసుకొని బయటికి నడిచాడు. మర్నాటి నుంచి ప్రార్థనకు ముందు మా గదికి వచ్చి, తలుపు దగ్గరికేసి, మేడంతో పెన్సిల్ కనుబొమ్మ గీయించుకునేవాడు. మధ్యాహ్నానికి అది చెరిగి నుదుటి మీదికి పాకేది. మేము పుస్తకాలు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్ళం. అంతగా కడుపుబ్బ నేను మళ్ళీ నవ్వలేదు.

వెంట్రుకలు మెల్లగా మొలిచాయి. నా ట్రేడు మాత్రం మారలేదు. పదోతరగతి కూడా ఆ గదిలోనే గడిచింది. తర్వాత ఐటీఐలో మోటారు మెకానిక్ తీసుకున్నాను, అక్కడ మార్కులే సీటు ఇచ్చాయి. కానీ మా బడి నుంచే వచ్చిన పిల్లగాళ్ళు ఇంజనులో ఒక్కో భాగం పేరు చెప్తుంటే, ఏ నట్టుకు ఏ పానా పట్టాలో తెలియక నేను దిక్కులు చూశాను. వాళ్ళను అందుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో బండ్ల షాపులో పనిచేస్తున్నాను.

పోయిన ఏడాది మా బడివాళ్ళు తొమ్మిదో తరగతి పిల్లలకు ట్రేడుల గురించి చెప్పమని నన్ను పిలిచారు. రిటైరైన సారు ముఖ్య అతిథి. మైకు ముందు నిలబడి, "గీ బిడ్డ హుషారు నేను అప్పుడే పసిగట్టిన. నేనే ముంగటికి తోలిన" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా ఒంటికి కారం పూసినట్టయింది.

మైకు నా చేతికి వచ్చింది. వరండా, జడ, బాపు చేతులు, దారం, అన్నీ చెప్పాను. చెయ్యి జారలేదని కూడా చెప్పాను.

"సారు కనుబొమ్మ మళ్ల మొల్చింది పిల్లలూ. నాకు పోయిన రెండేండ్లు మొలవలే. ఎవలకు ఏ ట్రేడు గావాల్నో నోరు తెర్సి అడుగున్రి. ఇయ్యకుంటె నాకు ఫోన్ కొట్టున్రి. దారం నా దగ్గర్నే ఉన్నది."

అదే వరండా మళ్ళీ నవ్వింది. సారు నవ్వలేదు. కుడిచెయ్యి కనుబొమ్మ మీద పెట్టుకొని, నేను మైకు వదిలి కిందికి దిగేదాకా తీయలేదు.