అమావాస్య చీటీ

మా ఆఫీసు గోడ మీద నా చీటీ ఒకటి ఉంది. అంటించిన నాటి నుంచి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పైన కొత్తవి పడేకొద్దీ అది కిందికి జారిపోతోంది. ఎవరెవరు చూసీ చూడనట్టు పోయారో నాకు బాగా గుర్తుంది.

నేను రోజూ పెనుకొండ నుంచి హిందూపురం వచ్చి, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తప్పులు వెతికే పని చేస్తాను. ధర్మవరం నేతవాళ్ళు చీరల ఆర్డర్లు తీసుకునే యాప్ మాది. చేయాల్సిన ప్రతి పనికీ గోడ మీద ఒక చీటీ. రెండు వారాలకోసారి మా టీమ్ లీడర్ వాటిలో కొన్నింటిని ఏరుతుంది. ఆ విడతలో అంతవరకే చేసి, వాడేవాళ్ళ చేతిలో పెట్టి చూస్తాం.

ఈ పద్ధతి అంటే నాకు చాలా గౌరవం. యాప్‌ను మొదటిసారి ధర్మవరం తీసుకెళ్ళినప్పుడు, నేత నేసే ఒకామె మగ్గం గుంటలోంచి కాళ్ళు తీయకుండానే ఫోను అందుకుంది.

"ఏమ్మా, ఈ అచ్చరాలు చీమల మాదిరి ఉండాయి. నా కండ్లు జరీపోగులకే సరిపోతాండాయి" అంది.

మేం మురిసిపోతూ చేసిన తెర అది. లీడర్ నొచ్చుకోలేదు. మగ్గం పక్కన నేల మీద కూర్చుని, ఆమె వేలు ఎక్కడెక్కడ తడబడుతోందో ఓపికగా చూసింది. తర్వాతి విడతకల్లా అక్షరాలు పెద్దవయ్యాయి, ఆర్డరు వస్తే ఫోనే చదివి వినిపించసాగింది.

"చెప్తే ఇనేవాళ్ళే మీరు!" అని ఆమె నవ్వింది. తయారుచేసినవాళ్ళు తిరిగొచ్చి అడగడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

ఆ రోజే ఆమె ఇంకో మాట చెప్పింది. "అమావాస్య నాడు మగ్గం మీద చీర కొయ్యము మా ఇంట్లో."

గడువు అమావాస్య నాడు పడితే, నేత పూర్తయినా మగ్గం నుంచి కోసి తీయరు కాబట్టి, ఆమె చీర మరుసటి రోజే వస్తుంది. యాప్ దాన్ని ఆలస్యం అంటుంది. ఇప్పటికే ఆమె పేరు మీద ఆలస్యాలు పడ్డాయి. ఇంకొక్కటి పడితే ఆర్డర్లు ఆగిపోతాయి. అమావాస్య నాటి గడువును ఒక రోజు జరపాలని చీటీ మీద రాశాను.

"చూద్దాంలేప్పా, ముందు పెద్ద పనులు ఉండాయి కదా" అంది లీడర్.

"నీ చీటీకే అమావాస్య పట్టిండాది!" అన్నాడు పక్క సీటతను. అందరూ నవ్వారు.

వచ్చే అమావాస్య నాడే ఆమె చీరకు గడువు. రేపు పొద్దున, రోజూలాగే పనుల గురించి అందరం నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఆ చీటీ పీకి చేత్తో పట్టుకుంటాను. ఆమె వేలి తడబాటు చూసిన లీడరే చెప్పాలి: ఈ విడతలో తీసుకుంటారా, తీసుకోరా? "చూద్దాం" అంటే ఒప్పుకోను. జవాబు కావాలి.