పొడి ఊలు మాట నమ్మకూడదు

మా మేనత్త లోకంలో అందరినీ నమ్ముతుంది, పొడి ఊలును తప్ప; తడిసి ఆరాకే దాని అసలు కొలతా, మెత్తదనమూ బయటపడతాయంటుంది. ఏది అల్లాలన్నా ముందు అరచేతిలో పట్టేంత నమూనా ముక్క అల్లుతుంది. దాన్ని నీళ్లలో నానబెట్టి, తువ్వాల్లో చుట్టి పిండి, నలుచదరంగా సాగదీసి, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరబెడుతుంది. ఆరాక స్కేలు పెట్టి కొలుస్తుంది. కొలిచాక పెదవి విరిచి ఇంకో ముక్క మొదలుపెడుతుంది. ఆవిడ చేతిలో ఒక్క స్వెట్టరైనా పూర్తవగా నేను చూసిన పాపాన పోలేదు.

సూదులు గుచ్చాలంటే మెత్తటి చోటు కావాలి. మా ఇంట్లో మెత్తటివి మూడే: సోఫా, ఆవిడ పరుపు, నా పరుపు. ప్రెస్సులో పది గంటలు నిలబడి వచ్చి కాస్త నడుం వాలుద్దామంటే మూడింటి మీదా ముక్కలే.

"అత్తయ్యా, నేనెక్కడ పడుకోను?"

"ఆ చివర పడుకో. కదలకు, ఇంకా తడిగా ఉంది."

"నిద్రలో కదలకుండా ఎలా?"

"సూదులే గుర్తుచేస్తాయిలే."

దాంతో ఎక్కడ కూర్చోబోయినా ముందు చేత్తో తడిమి చూడటం అలవాటైపోయింది. ఒకసారి మేనేజరు కూర్చోమంటే ఆయన కుర్చీనీ తడిమాను. "ఏం వెతుకుతున్నావయ్యా?" అన్నాడు. "సూదులండీ," అన్నాను. ఆ రోజు నుంచి ఆయన నాతో నిలబడే మాట్లాడుతున్నాడు.

ఈ చలికాలం మరీ శ్రుతిమించింది. రెండు నెలల్లో పదిహేడు ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో రకం ఊలు, అన్నీ మీగడ రంగువే. ఒక ఆదివారం నా ఓపిక నశించింది.

"ఇవన్నీ కలిపి కుడితే ఈపాటికి దుప్పటి అయ్యేది!"

అత్తయ్య ఆరిన పదిహేడో ముక్క ఊడదీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. కళ్లజోడు మరిచిపోయిందని, అది పట్టుకుని నేనూ దిగాను.

కింది వాటాలో ఒక టైపిస్టు ఉంటుంది. మెడకు ఆపరేషనై మూడు నెలలైంది. మచ్చ కప్పుకోకుండా బయటికి రావడానికి మొహమాటం, కప్పుకుందామంటే ఏ గుడ్డ తగిలినా మంట. సెలవేమో అయిపోవస్తోంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. అత్తయ్య ఆ ముక్కను ఆమె మెడకు ఆనించి పట్టుకుని ఉంది.

"సాయంత్రం దాకా ఉంచుకో. గుచ్చుకుంటే చెప్పు."

"పదహారుసార్లు గుచ్చుకుందనే చెప్పాను పెద్దమ్మా. నాకే సిగ్గుగా ఉంది."

"నీకెందుకే సిగ్గు? సిగ్గుపడాల్సింది ఊలు!"

మెట్లెక్కుతూ అడిగాను, "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"ఆ పిల్ల మెడ సంగతి నీకెందుకురా?"

సాయంత్రం టైపిస్టే పైకి వచ్చింది. "గుచ్చుకోలేదు పెద్దమ్మా," అంది. అత్తయ్య నమ్మక, ఇంకో రోజు పెట్టుకోమని పంపించింది. ఆ తర్వాత తొమ్మిది రోజుల్లో మఫ్లరు అల్లేసింది.

సోమవారం పొద్దున ఇద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. టైపిస్టు మఫ్లరు చుట్టుకుని, తల వంచుకుని, ఆఫీసు బస్సు కోసం వీధిలోకి వచ్చింది. పళ్ల బండివాడు ఏదో అడిగాడు. ఆగింది. తల ఎత్తింది. మఫ్లరు అంచు పట్టుకుని చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. మూడు నెలల మాటలు మిగిలిపోయాయేమో, ఎంతకీ తెమలదు. చేతులు కూడా తిప్పేస్తోంది. ఆమె వెనక నుంచే బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది.

అత్తయ్య కిటికీలోంచి సగం బయటికి వంగి, వీధంతా వినబడేలా కేకేసింది: "కబుర్లు చాలు తల్లీ, రెండో బస్సన్నా ఎక్కు!"