బావ జేబులో చివరి ముక్క

మా బావకు ఒకటే దురలవాటు. పుస్తకాలను కోస్తాడు.

మాటవరసకు అనడం లేదు. వంటింటి చాకు నూరుకుని, పుస్తకాన్ని బోర్లా పడుకోబెట్టి, వెన్ను దగ్గర పట్టు ఎక్కడ వదులుగా ఉందో బొటనవేలితో వెతికి, ఒక్క గీటు గీస్తాడు. ఐదు నిమిషాల్లో పుస్తకం ఏడు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకూ తెల్లదారంతో రెండు కుట్లు వేసి, దారాన్ని పళ్ళతో కొరికి, హమ్మయ్య అని నిట్టూరుస్తాడు.

నేను మొదటిసారి చూసింది నా పుస్తకం మీదే. అక్కకూ ఆయనకూ పెళ్ళయిన కొత్తలో, బావకు చదువు పిచ్చని విని, అట్ట మీద బంగారు అక్షరాలున్న లావుపాటి నవల ఒకటి కొన్నాను. లోపల "బావగారికి ప్రేమతో" అని రాయడానికి నాలుగుసార్లు చిత్తు కాగితం మీద సాధన చేశాను. ఆయన రెండు చేతులతో అందుకుని చాకు తెమ్మన్నాడు. రిబ్బను కోయడానికనుకుని నేనే తెచ్చిచ్చాను.

"బావా! ఏమిటిది? హత్య!"

"పుస్తకానికి నొప్పి తెలీదు, బావమరిదీ. మా ఆసుపత్రిలో నొప్పి తెలిసేవాళ్ళనే కోస్తున్నారు."

"ప్రేమతో" అన్న పేజీ ఆ ఏడాదంతా వాళ్ళ బాత్రూం అద్దం వెనక ఉంది.

బావ ఉద్యోగం పెద్దాసుపత్రిలో స్ట్రెచర్ తోయడం. అయిదంతస్తుల ఆసుపత్రి, రెండు లిఫ్టులు, అందులో ఒకటి ఎప్పుడూ మరమ్మతులో ఉంటుంది. మనుషుల్ని పైకి ఆపరేషన్ థియేటర్‌కి తోస్తాడు, కిందికి వార్డుకి తోస్తాడు. కొందరిని ఇంకా కిందికి, నేలమాళిగలోకి తోస్తాడు. ఆ పనిలో పుస్తకం పట్టుకుని కూర్చునే వ్యవధానం ఎక్కడిది? అందుకని ఆయన తన రోజును పేజీల్లో కొలుచుకున్నాడు. లిఫ్టు కోసం ఎదురుచూపు మూడు పేజీలు. ఎక్స్‌రే గది ముందు ఆరు. మార్చురీ గుమాస్తా కళ్ళజోడు వెతుక్కుని, రిజిస్టరు వెతుక్కుని, పెన్ను విదిలించి సంతకం పెట్టేసరికి పద్దెనిమిది. బరువైన పుస్తకాలన్నీ ఆయన అక్కడే చదివాడు. "అక్కడ మాట్లాడించి విసిగించేవాళ్ళుండరు" అనేవాడు. తోటి స్ట్రెచర్ వాళ్ళు ఆయనకు ముక్కల మేస్త్రి అని పేరు పెట్టారు.

ఇంట్లోనూ అదే లెక్క. పాలు పొంగేలోపు చదవాల్సింది పంచదార డబ్బా కింద. కుక్కర్ కూతలకు సరిపడేది ఫ్రిజ్ మీద. ఒకసారి పక్కింటాయన ఒక్క నిమిషం బాత్రూం వాడుకుంటానని వచ్చి అరగంటకు గానీ బయటికి రాలేదు. వచ్చి, తల గోక్కుంటూ, "మిగతాది ఎక్కడుందండీ?" అన్నాడు.

"ఇస్త్రీ బల్ల సొరుగులో" అంది మా అక్క, తల ఎత్తకుండా.

మా అక్కకు పుస్తకమంటే కంటగింపు. ఆవిడ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. "అబ్బాయికి ఏ చెడ్డలవాట్లూ లేవన్నారు పెళ్ళిలో. తాగుబోతైనా బాగుండేది, సీసా ఒక్కచోటే ఉండేది" అనేది. చొక్కా జేబులు వెతకకుండా ఏనాడూ ఉతికి ఎరగదు. వెతికితే చిల్లర దొరికేది కాదు, పదహారు పేజీలు దొరికేవి.

అన్నిటికంటే విచిత్రం, బావ ఏ పుస్తకాన్నీ చివరిదాకా చదవడు. ఆరు ముక్కలు అయిపోయాక ఆగిపోతాడు. ఏడోది కుట్లు కూడా విప్పకుండా యూనిఫాం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ఎవరైనా ఆ పుస్తకం ఊసెత్తితే రెండు చెవులూ మూసుకుని, "చివరికేమైందో చెప్పకు! చెప్పకు!" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. నాకసలే చిలిపి బుద్ధి. ఒకసారి భోజనాల దగ్గర, ఆయన రెండు చేతులూ ఎంగిలిగా ఉన్న సమయం చూసి, "ఆ నవల్లో హంతకుడు డాక్టరేగా బావా?" అన్నాను. పాపం, చెవులు మూసుకోలేకపోయాడు. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. పిచ్చి ముదిరిందనుకున్నాం.

ఇలా ఇరవై ఆరేళ్ళు గడిచాయి. అప్పుడు అక్క గుండెలో వాల్వు పాడైందన్నారు. మెట్లెక్కితే ఆయాసం, మంచం దిగితే ఆయాసం, బావను తిడుతూ మధ్యలో ఆగేంత ఆయాసం. ఆ చివరిదే మమ్మల్ని భయపెట్టింది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. పెద్ద డాక్టరు పక్కకు పిలిచి, "నూటికి డెబ్భై" అన్నాడు. మిగతా ముప్పై గురించి ఎవరూ అడగలేదు.

తేదీ ఇచ్చిన రోజు సాయంత్రం బావ ఒక కొత్త పుస్తకం తెచ్చి, అక్క మంచం మీదే కూర్చుని కోశాడు.

"ఇప్పుడు కూడానా? నన్ను కోసేదాకా ఆగలేరూ?" అంది అక్క.

బావ దారాన్ని పళ్ళతో కొరికాడు. ఏడో ముక్కను జేబులో వేసుకున్నాడు.

వారం తర్వాత అక్కను నాలుగో అంతస్తు వార్డులో చేర్చారు. నేను సెలవు పెట్టి వచ్చాను. ఆ వార్డులో నాకు కనిపించింది చూడండి: ఎనిమిది మంచాల్లో ఆరింటి మీద, దిండ్ల పక్కన, తెల్లదారం కుట్లు వేసిన ముక్కలు!

"ఇవి మా బావవి కదూ?" అన్నాను పక్క మంచం మీది దర్జీ ఆవిడతో.

"మేస్త్రి గారివి. మొత్తం పుస్తకమైతే ఎత్తలేంగా బాబూ, గుండె మీద బరువు పెట్టకూడదన్నారు. ముక్కైతే ఈకలా ఉంటుంది."

"ఏమైంది కథ చివరికి?"

"ఏమో! చివరి ముక్క ఇవ్వడు. ఆపరేషన్ అయ్యి వచ్చాకే అంటాడు. కాళ్ళు పట్టుకున్నా ఇవ్వడు, మొండి మనిషి." ఆవిడ ముక్కను గుండెలకు కాదు, జాగ్రత్తగా కడుపుకు ఆనించుకుంది. "ఎల్లుండి నాది. ఆ పిల్ల వాణ్ణి పెళ్ళి చేసుకుందో లేదో తెలీకుండా ఎలా పోతాను చెప్పండి?"

నేను వెళ్ళేసరికి, స్ట్రెచర్ వాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో బావ తన బీరువా తెరిచి నిలబడి ఉన్నాడు. సెలైన్ సీసాలు వచ్చే అట్టపెట్టె ఒకటి కనిపించింది. నిండా ఏడో ముక్కలే. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో మంచం నంబరు, తేదీ. కుట్లు విప్పలేదు.

"ఇవేమిటి బావా, ఎవరికీ ఇవ్వలేదూ?"

"వాళ్ళు తిరిగి రాలేదు."

ఏదో ఒకటి అనాలని, "నువ్వైనా చదవచ్చుగా" అన్నాను.

ఆయన నన్ను మర్యాద తెలియని వాణ్ణి చూసినట్టు చూశాడు. "వాళ్ళు చదివి ఇచ్చాక చదవడం నా వంతు. వాళ్ళకంటే ముందెలా చదువుతాను?"

అట్టపెట్టె మూతను రెండుసార్లు ఒత్తి మూశాడు. ఎనిమిది రోజులు నాతో ఎందుకు మాట్లాడలేదో నాకప్పుడు తెలిసింది.

అక్క మొదట బావ తనకిచ్చిన ఆరు ముక్కల్నీ దిండు కింద తోసేసింది. రెండో రోజుకు పొద్దుపోక ఒకటి తీసింది. కథేమిటంటే, ఒక పడవ మునిగింది. ఏడుగురిలో ఆరుగురు ఒడ్డు చేరారు. ఏడోవాడు దొరకలేదు, వాడి భార్య రోజూ రేవుకు వస్తుంది. నాలుగో రోజుకు అక్క ఆరు ముక్కలూ పూర్తి చేసి, "ఏమండీ, ఆ ఏడోవాడు ఏమయ్యాడు?" అంది.

బావ మొహం వెలిగిపోయింది. పుస్తకం గురించి పెళ్ళాం అడిగిన మొదటి ప్రశ్న అది. "వచ్చాక చదువుదువుగాని" అని జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

ఇక ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. ఆపరేషన్‌కి ముందురోజు, అక్క లేని ఇంట్లో బట్టలు కుప్పపడ్డాయని, బావకు సాయం చేద్దామని, మెషీన్‌లో వేశాను. యూనిఫాం చొక్కాతో సహా. జేబులు వెతకాలని మగపుట్టుక పుట్టిన నాకెవరు చెప్పారు? మూత తీస్తే బట్టల నిండా తెల్లటి పొట్టు. జేబులో కోడిగుడ్డంత ముద్ద ఒకటి.

బావ స్నానం చేసి వచ్చి చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. తడినేల మీద అలాగే చతికిలపడ్డాడు.

"ఇప్పుడు తనకేమిస్తాను?"

"ఇంకో కాపీ తెద్దాం బావా, పద."

ఊళ్ళో పుస్తకాల షాపులన్నీ తిరిగాం. పాత పుస్తకాలాయన ఆ పేరు వినగానే, "ఒక్కటే ఉండేదండీ. మొన్న మీరేగా తీసుకెళ్ళారు" అన్నాడు. ఇంటికొచ్చి ఆ ముద్దకు ఇస్త్రీపెట్టె వేశాం. పొర పొరనూ సూదితో విడదీశాం. ఇద్దరం మూడు గంటలు తంటాలు పడితే చదవడానికి మిగిలినవి రెండే మాటలు: "తలుపు తీసింది."

"తలుపు తీసిందంటే వాడు వచ్చినట్టేగా బావా?" అన్నాను ఆశగా.

"పోస్టుమాన్ కూడా రావచ్చు" అన్నాడు బావ.

మర్నాడు పొద్దున అక్కను థియేటర్‌కి తీసుకెళ్ళాలి. సొంతవాళ్ళను సొంతవాళ్ళు తోయకూడదని తోటివాళ్ళు చెప్పారు. బావ వినలేదు. స్ట్రెచర్ పట్టుకున్నాడు గానీ అది కదలడం లేదు. చక్రానికేమైనా అడ్డం పడిందేమోనని నేను వంగి చూశాను. ఏమీ లేదు. ఆయన చేతులే కదలడం లేదు.

అక్క దుప్పట్లోంచి చెయ్యి తీసి, "ఏమండీ, ముక్క జేబులో ఉందా?" అంది.

బావ జేబులో ఎండిన ముద్ద ఉంది. దాని మీద అరచెయ్యి వేసి, "ఉంది" అన్నాడు. నాకు తెలిసి ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే.

"జాగ్రత్త. నేనొచ్చి చదవాలి. పదండి మరి, డాక్టర్లు కూర్చున్నారక్కడ."

స్ట్రెచర్ కదిలింది. లిఫ్టు కోసం ఆగాం. మూడు పేజీల సేపు. బావ ఏమీ చదవలేదు.

లోపల ఆరు గంటలు పట్టింది. బయట గోడకు అగ్నిప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన బోర్డు ఉంది. బావ దాని ముందు నిలబడి పై నుంచి కిందికి చదివాడు, మళ్ళీ మొదలెట్టాడు. నాలుగోసారికి నాకొకటి అర్థమైంది. ప్రతిసారీ ఆఖరి లైనుకు ముందే ఆగిపోతున్నాడు.

తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరు మాస్కు దించి, తల ఊపాడు. ఏ దిక్కుకు ఊపాడో అర్థంగాక ఇద్దరం ఒకేసారి, "అంటే?" అన్నాం.

"బావుంది. బతుకుతుంది" అన్నాడాయన, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

మూడో రోజు అక్కను మళ్ళీ వార్డుకు తెచ్చారు. దర్జీ ఆవిడ అప్పటికే లేచి కూర్చుని, తన ఏడో ముక్క చదివేసి, ఆ పిల్ల చేసుకున్న పెళ్ళి తనకు నచ్చలేదని వార్డంతా చాటుతోంది. బావ అక్క పక్కన నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. ఇక నాకు తప్పలేదు.

"అక్కా, తప్పు నాది. ఆ ముక్కను ఉతికేశాను."

బావ జేబులోంచి ముద్ద తీసి దుప్పటి మీద పెట్టాడు. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మూలిగిందనుకుని నేను నర్సును పిలవబోయాను. మూలుగు కాదు, నవ్వు.

"అబ్బా, నవ్వించకురా, కుట్లు! ఇక్కడికి రాకముందు ఆ చొక్కా వారంలో నేను రెండుసార్లు ఉతికాను. రెండుసార్లూ ముక్క తీసి పక్కన పెట్టి, చొక్కా ఆరాక మళ్ళీ జేబులో పెట్టాను. ఒక్క పూటకే పిండి చేశావు కదరా!"

"తీసి..." అన్నాడు బావ అనుమానంగా. "పక్కన పెట్టి, అంతేగా?"

"అంతే ఎందుకవుతుంది? కుట్లు విప్పి మొత్తం చదివాను. మళ్ళీ కుట్టాను. మీకంటే నా కుట్టే బాగుంటుంది."

"అంటే నీకు మొదట్నించీ చివర తెలుసా? మరి స్ట్రెచర్ మీద, వచ్చి చదవాలి, జాగ్రత్త అన్నావు?" అన్నాన్నేను.

అక్క బావ వంక చూసి, నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "అలా అనకపోతే ఆ మనిషి చేతులు కదిలేవిట్రా?"

బావ అది విన్నాడో లేదో తెలియదు. దుప్పటి అంచులు సర్దడంలో మునిగిపోయాడు. సరిగ్గా ఉన్న దుప్పటిని మూడుసార్లు సర్దాడు.

అక్క ఇప్పుడు మెట్లెక్కుతోంది, ఆయాసం లేకుండా తిడుతోంది. ఆ ముద్ద అట్టపెట్టెలోకి పోలేదు. ఫ్రిజ్ మీద, కుక్కర్ కూతల ముక్క ఎగిరిపోకుండా దాని మీద బరువుగా కూర్చుంది. బావ ఇంకా పుస్తకాలు కోస్తూనే ఉన్నాడు. కాకపోతే ఇంట్లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. కూరగాయలు తేవడం ఆలస్యమైందా, బల్బు మార్చలేదా, అక్క ఉన్నచోటునుంచి కదలదు. గొంతు మాత్రం సవరించుకుంటుంది.

"ఆ ఏడోవాడు ఉన్నాడే..."

"చెప్పకు! చెప్పకు!" అంటూ బావ చెవులు మూసుకుని, మోచేత్తో తలుపు తోసుకుని బజారుకు పరుగెత్తుతాడు.

మొన్న ఆయన అలా వెళ్ళగానే నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. "అక్కా, నాకైనా చెప్పవే. తలుపు తీసింది, సరే. ఎదురుగా ఎవరు?"

అక్క నన్ను తేరిపార చూసింది.

"ముందు జేబులు వెతకడం నేర్చుకో. తర్వాత చూద్దాం."