హంతకుడి పేరు చెప్పకుండా జరిగిన సన్మానం

మైపాడులో వలల నూలు, తాళ్లు అమ్ముకునే హుస్సేన్ సాహెబుగారు తన జీవితంలో ఎంతమందిని చంపారో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. జమీందార్లను విషం పెట్టి చంపారు, వడ్డీ వ్యాపారులను తుపాకీతో కాల్చారు, ఒక నాటక కంపెనీ యజమానిని తెర దించే తాడుతోనే ఉరివేశారు. ఇవన్నీ కాగితం మీద. ఇంట్లో కోడిని కోయాల్సి వస్తే మాత్రం పక్కింటి మదారును పిలిచి, తాను వీధిలోకి పోయి నిలబడేవారు.

కొట్లో బేరాలు లేనప్పుడు రాసేవారు. బేరాలు ఉండేది తక్కువ. తెలుగు అపరాధ పరిశోధక సాహిత్యం ఆ మేరకు వర్ధిల్లింది. మద్రాసులో అచ్చయిన ఆయన పుస్తకాలు రైల్వేస్టేషన్లలో అమ్ముడుపోయేవి, అద్దె పుస్తకాల షాపుల్లో చిరిగిపోయేవి. ఉన్న దిగులల్లా ఒకటే. జుట్టు నెరిసినా ఒక్క విమర్శకుడూ ఆయన గురించి ఒక్క వాక్యం రాయలేదు.

"పొగడకపోతే పోయె, పేరుపెట్టి తిట్టనైనా తిట్టలేదే," అన్నారొకసారి భార్యతో.

"తిట్టించుకోను నెల్లూరు దాకా ఎందుకు, నేను లేనా," అంది హజరాబీ.

నెల్లూరులో గంగాధరంగారని కాలేజీ తెలుగు లెక్చరర్. డిటెక్టివు నవలను బీడీల పక్కన, చీట్లపేకకు కాస్త కింద వర్గీకరించిన విమర్శకుడు. 1963లో ఆయన స్నానాలగదిలో జారిపడి, కాలికి కట్టుతో మంచమెక్కారు. చేతికందినంత దూరంలో ఉన్న ఏకైక గ్రంథం, వంటమనిషి మరిచిపోయిన "తడవని గొడుగు". హుస్సేన్ సాహెబుగారి తాజా హత్య. గంగాధరంగారు దాన్ని చదివారు. తనను ఎక్కడ మోసం చేశాడో పట్టుకుందామని మళ్లీ మొదటినుంచి చదివారు. లేచి నడిచాక చేసిన మొదటి పని, టౌనులో ఆ రచయితకు సన్మానసభ ఏర్పాటు చేయడం.

మైపాడు మొత్తం బస్సెక్కింది. ఇక్కడొక చిక్కుంది. ఊరికంతటికీ ఉన్నది ఒక్కటే ప్రతి. మధ్యాహ్నం పూట ఇసుకలో కూర్చుని మగవాళ్లు వలలు బాగుచేసుకుంటుంటే, మిషన్ బడి టీచరు రెబెక్కమ్మ చదివి వినిపించేది. రోజుకొక అధ్యాయమే. కాళ్లు పట్టుకున్నా రెండోది లేదు. సభ నాటికి ఇంకా మూడు అధ్యాయాలు మిగిలే ఉన్నాయి. రచయితనే అడుగుదామంటే, ఆయన కట్టుకున్న భార్యకే చెప్పని మనిషి.

శాలువా కప్పడం అయింది. గంగాధరంగారు కాగితాల బొత్తితో లేచారు.

"ఈ నవల ఔన్నత్యమంతా ముగింపులో ఉంది. హంతకుడు మరెవరో కాదు..."

"అయ్యా, ఒక్క మాట." వెనక వరసలో చెంగయ్య లేచాడు. ఊళ్లో రెండు పడవలున్న మనిషి. "మేమింకా ఆడికి రాలేదు."

"ఎక్కడికి?"

"కంపౌండరు గొడుగు దాచినకాడ ఉండాం. తమరు పేరు చెప్పబాకండి."

"విమర్శ అంటే ఆద్యంతాలను పరిశీలించడం, నాయనా."

"ఆద్యం పరిశీలించుకోండి సామీ. అంతం మటుకు మాకొదిలేయండి."

గంగాధరంగారు రచయిత వైపు తిరిగారు. "ఏమంటారు సాహెబుగారూ? ముగింపు తీసేస్తే నా దగ్గర మిగిలేది నమస్కారమొక్కటే."

హుస్సేన్ సాహెబుగారు ఆ కాగితాల వైపు చూశారు. ఇన్నేళ్లూ ఎదురుచూసింది వాటికోసమే. ఇలాంటి సభ మళ్లీ జరుగుతుందని ఆశపడేంత అమాయకుడు కాడాయన. తర్వాత వెనక వరసల వైపు చూశారు. ఊళ్లో చేపలమ్మే అంకాలమ్మ అప్పటికే ముందుజాగ్రత్తగా చెవులు మూసుకుని ఉంది.

"చెప్పొద్దు సార్," అన్నారు. "నేను దాచింది దాచినట్టే ఉంటుందని నమ్మి బస్సెక్కినారు వీళ్లు. ఆ కాగితాలు మడిచేయండి."

గంగాధరంగారు మడిచారు. వందన సమర్పణకు లేచిన కార్యదర్శిని ఆయనే చెయ్యి చూపి కూర్చోబెట్టారు.

"పుస్తకం తెచ్చారా ఎవరైనా?"

రెబెక్కమ్మ సంచీలోంచి తీసింది.

"పైకి రామ్మా. ఆ మూడూ చదివేయి."

రోజుకొకటే అన్న నియమం ఆ ఒక్కనాడు సడలింది. రెబెక్కమ్మ చదివింది, హాలంతా విన్నది. రచయిత కాక, కథ తెలిసిన ఒకే ఒక్క శ్రోత గంగాధరంగారు, పుస్తకం వదిలేసి జనం మొహాలు చదువుతూ కూర్చున్నారు. చివరికి పేరు బయటపడింది. అదిక్కడ రాయను, చదవనివాళ్లు ఇంకా ఉంటారు. అంకాలమ్మ తొడ చరుచుకుంది. హజరాబీ మొగుడి వైపు ఒక చూపు చూసింది. అది ఇంటికి వెళ్లాక మాట్లాడుకోవలసిన చూపు.

"సాయిబన్నా," అన్నాడు చెంగయ్య, "నీకాడ నూలు కొనేటప్పుడు ఇంత మోసగాడివనుకోలేదబ్బా."

ఇక ఎవరికీ అభ్యంతరం లేదు గనుక గంగాధరంగారు మళ్లీ కాగితాలు విప్పారు. హంతకుణ్ణి రచయిత మన కళ్లెదుటే నిలబెట్టి కనబడకుండా చేశాడనీ, అది మహారచయితలకు తగిన నేర్పనీ చదివారు.

"కనబడకపోవడమేంది సామీ, పెళ్లి పందిట్లోనే నాకు అనుమానం తగిలింది," అన్నాడు చెంగయ్య.

"అసంభవం. నాకే తగల్లేదు."

"తమరు పడుకుని చదివినారంట గదా."

సభ రెండు పక్షాలుగా చీలింది. పెళ్లి పందిరి అధ్యాయం మళ్లీ చదవమని రెబెక్కమ్మ మీద ఒత్తిడి వచ్చింది. అధ్యక్షుడు గంట కొట్టాడు, ఎవరూ పట్టించుకోలేదు. తీర్పు చెప్పమని ఇద్దరూ రచయితనే అడిగారు. హుస్సేన్ సాహెబుగారు శాలువా సర్దుకుని, "మీరు కానివ్వండి, నేను వింటా," అన్నారు.